సూది దారముల చదువు
(గ్రంథాలయ రజతోత్సవసభయందలి ప్రసంగపాఠము)



గ్రంథాలయపు రజతోత్సవమున కుట్లు అల్లికలను గూర్చి ప్రసంగ మేల యని కొందరికి దోచవచ్చును. పుస్తకమునకును సూదికిని చుట్టరికము లేకపోలేదు. అచ్చైన కాగితములను మడిచి, వరుసగా పేర్చి, వెన్నున కుట్టు వేసిననేకాని గ్రంథము గ్రంథము కాదు. అట్ట యూడినను దారము తెగనంతవరకు పాత పుస్తకపు పుటలు చెదరవు. అయితే ఈ ప్రసంగమునకు కారణము ఆ చుట్టరికము కాదు. గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా అచ్చులోనికి వచ్చిన విద్యను భద్రపరచినది. అచ్చులోనికి రాని విద్య యొకటి అదే యూరి యిండ్లలో ముసలి స్త్రీల వ్రేళ్ల కొనలయందు నిలిచియున్నది. ఆ వ్రేళ్లు ఒకటొకటిగా ఆగిపోవుచున్నవి. ఆ విద్యయందలి సుఖ మెట్టిది, దానిని ఇంటివద్ద నేర్చుకొను విధ మెట్టిది, దానివలన వచ్చునది యేమి, రానిది యేమి యనునవే ఇచ్చట ముచ్చటింపబడును.

అనంతపురపు మెట్టను గూర్చి ఈ సభలోనివారికి చెప్పవలసినది కొంచెమే. ఏడాదికి పడు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము; అదియు నొక యేడు పడి మరుసటి యేడు ముఖము చాటువేయును. 1876 మొదలు 1878 వరకు నడచిన ధాత కరువు మాట పెద్దల నోట తరతరములుగా వచ్చుచున్నది. బళ్లారి జిల్లానుండి విడదీసి 1882లో అనంతపురము జిల్లా నేర్పరచిరి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆ జిల్లాయు రెండు కాగా, ధర్మవరము, కదిరి, హిందూపురము, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినవి. సూదికి దారమునకు ఆ పొలిమేర తెలియదు గనుక ఈ ప్రసంగమున రెండు జిల్లాల నేలయు ఒకటిగనే యెంచబడును.

మెట్టసేద్యపు టింట సంవత్సరము రెండు పాళ్లుగా నుండును. తొలకరికి వేరుసెనగ విత్తినది మొదలు, కార్తికము ప్రాంతమున పెరికి, కాయ విడదీసి, కట్టెను వామి వేయువరకు ఇంటిల్లిపాదికి చేనే లోకము. ఆపై మరల ఏరువాక వచ్చువరకు చేలో పని యుండదు. వానలు తప్పిన యేట ఆ విరామము మరింత పొడుగు. మగవారిలో ననేకులు కూలికై బెంగుళూరు దారి పట్టుదురు. ఆ నెలలలో మధ్యాహ్నపు టెండ బండల మిద్దెపై మండుచుండగా, వసారాలోనో వేపచెట్టు క్రిందనో నలుగురు స్త్రీలు కూర్చుండి పాతబట్టలు ముందు వేసికొనుట పల్లెల పద్ధతి. బొంత పుట్టునది అచ్చట.

“గంతకు తగిన బొంత” యను సామెత బొంతకు చాల అన్యాయము చేసినది. చిరుగుల మూట యనియే దానికి పేరు నిలిచిపోయినది. కుట్టినవారిని అడిగినగాని దానియందలి లెక్క తెలియదు. మొదట నూలుచీరలను, పంచెలను, దుప్పట్లను గంజి పూర్తిగా పోవునట్లు ఉతికి జాడింపవలెను. గంజి మిగిలిన బట్టలో సూది దిగదు. పెట్టెలో పెట్టిన పిమ్మట పురుగు చేరును. ఎండలో ఆరిన బట్టలను వెలుతురునకు పట్టి చూచి, పలుచబడినవానిని లోపలి పొరలకు, గట్టివానిని పైకిని క్రిందికిని ఏర్పరతురు. అంచులను, కొంగులను కత్తిరించి వేరుగా దాచుదురు. అవి చివర బొంతకు నాలుగు వైపుల పట్టీ యగును. బండపరుపు మీద అడుగుబట్టను పరచి మూలలయందు రాళ్లు పెట్టుదురు. దానిపై ఒక్కొక్క పొర పరచునపుడు అరచేతితో నడుమనుండి అంచునకు నిమురవలెను. క్రింద పరచుకొనుటకైన పొరలు హెచ్చు, కప్పుకొనుటకైన తక్కువ, పసిబిడ్డకైన రెండు మూడు చాలును, అవియు ఎంత పాతవైన అంత మేలు. పదేండ్లు ఉతుకుదెబ్బ తిన్న నూలుబట్టకున్న మెత్తదనము అంగడిలోని యే క్రొత్త బట్టకును రాదు. ఆ మెత్తదనము వృథాగా పోనీయకుండుటయే బొంతయందలి రహస్యము.

పొరలు పరచిన పిమ్మట జానెడేసి యెడముగా కచ్చాకుట్టు వేసి, పొరలు జారకుండ బిగింతురు. ఈ పనియందు తొందరపడినవారు తరువాత పశ్చాత్తాపపడుదురు. అసలు కుట్టు కొందరు అంచున మొదలిడి చుట్టు తిరిగి లోపలికి తెత్తురు. కొందరు మడకచాళ్లవలె ఒక కొననుండి మరియొక కొనకు వరుసలు నడుపుదురు. చేను దున్నెడి చేతికి చాలు వంకర పోకుండ చూచుకొను చూపు ఎట్టిదో, కుట్టెడి చేతికిని అట్టిదే కావలెను. కుట్టు వడ్లగింజంత, వరుసకు వరుసకు నడుమ ఎడము రెండు వ్రేళ్లు. దారము మూరెడున్నరకు మించరాదు. పొడుగైన దారము చిక్కుపడుటయే కాక, బట్టలోనుండి పలుమారు లాగబడి నలిగి బలము తగ్గును. ముడి పైకి కానరాకుండ పొరలనడుమ దాచవలెను. సూది వెళ్లు దిక్కునకు ఎడమచేతితో బట్టను సవరించుచు పోనియెడల నడుమ బుడగ లేచును. ఆ బుడగ యొకమారు లేచినచో వరుసలు విప్పుట తప్ప వేరు మందు లేదు. మందపు పొరలకు దబ్బనము వాడుట పొరపాటు. దబ్బనము గోనెసంచికి తగినది. అది నూలుపోగును త్రెంచి రంధ్రము చేయును. పొడవైన సన్నసూదియు, నడిమివ్రేలికి అంగుస్తానయు ఉన్న చాలును.

పాత బొంతను విప్పి చూచుట యొక చరిత్రపాఠము. పైబట్ట చినిగినపుడు పల్లె స్త్రీ బొంతను పారవేయదు. దానిపై మరియొక చీర పరచి మరల కుట్టును. ఆ విధముగా పది పదునైదేండ్ల కొక పొర చేరుచుండును. పైన కోడలి చీర, దాని క్రింద అత్త చీర, ఆ క్రింద తాత పంచె, అడుగున ఎవరిదో ఎవరికిని జ్ఞాపకము లేని రంగువెలిసిన గళ్ల కోక. పల్లెటింట వంశవృక్షము వ్రాసి పెట్టుకొన్నవారు అరుదు. బొంత మాత్రము తెలియకయే దానిని వ్రాయుచు వచ్చినది. పెండ్లియై పోవు ఆడుబిడ్డకు బొంత నిచ్చి పంపుటలోని అర్థము ఇదియే కావచ్చును.

ఈ పనికి 1980 ప్రాంతమునుండి ఒక పెద్ద చిక్కు వచ్చిపడినది. పాలియెస్టరు చీరలు పల్లెలకు వచ్చినవి. ఉతుకుట సులభము, రంగు వెలియదు, చాలకాలము మన్నును, వెల తక్కువ. చేలో పనిచేయు స్త్రీ వానిని మెచ్చుకొనుటలో తప్పు లేదు. కాని ఆ చీర బొంతకు పనికిరాదు. పొరపై పొర నిలువక జారును. చెమట పీల్చదు, నిప్పురవ్వ పడిన కరగి ఒంటికి అంటుకొనును. నూలుచీర ముసలిదై మెత్తబడును, పాలియెస్టరు చీర ముసలిదైనను మెత్తబడదు. కనుక చాల ఇండ్లలో బొంత ఆగిపోవుటకు స్త్రీల సోమరితనము కారణము కాదు. పాతనూలు లేకపోవుట కారణము. పాతబట్టలు వేసి గిన్నెలు తీసికొను వాడుకయు ఉన్న కొద్ది నూలును పెట్టెలనుండి ఊడ్చివేసినది. బొంత కుట్టదలచిన యిల్లు మొదట చేయవలసినది, ఒక గోనెసంచిని దూలమునకు వ్రేలాడదీసి, చిరిగిన నూలుబట్ట ప్రతిదానిని అందులో వేసి దాచుట. రెండు మూడేండ్లలో ఒక బొంతకు సరిపడును.

బొంతను చిన్నచూపు చూచువారికి రెండు దూరదేశపు సంగతులు చెప్పవచ్చును. జపాను దేశపు ఉత్తరమున త్సుగరు అను చలిసీమ కలదు. అచ్చటి రైతులు నూలుబట్ట కట్టరాదని ఒకప్పుడు కట్టడి యుండెను. వారు కట్టునది జనుపజాతి నారతో నేసిన వదులుబట్ట. చలిగాలి దానిలోనుండి దూసికొని పోవును. అపుడు స్త్రీలు ఆ బట్ట సందులను తెల్లని నూలుదారముతో కుట్టి కుట్టి పూడ్చిరి. ఊరక పూడ్చక, పోగులు లెక్కపెట్టి వజ్రపు గళ్లు తీర్చిరి. కోగిన్ అని పేరుగల ఆ కుట్టును ఇపుడు ప్రపంచమెల్ల నేర్చుకొనుచున్నది. ఇక అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అనునది నల్లజాతి రైతుకూలీల పల్లె. ప్రత్తిచేలలో పనిచేసి చిరిగిన బట్టలతో అచ్చటి స్త్రీలు చలికి బొంతలు కుట్టుకొనిరి. 2002లో ఆ బొంతలను హ్యూస్టను నగరపు కళాప్రదర్శనశాలలో, పిదప న్యూయార్కులో గోడలకు వ్రేలాడదీసి, గొప్ప చిత్రకారుల పటములను చూచినట్లు జనులు చూచిరి. వంగదేశపు కాంథా సంగతి చదువరులకు తెలిసినదే. చలి, బీదరికము, పాతబట్ట, సూది, ఈ నాలుగును కలిసిన చోటనెల్ల ఒక కళ పుట్టినది. ఈ మెట్టమీదను అవి నాలుగును ఉన్నవి. ఇచ్చటి బొంతను గోడకు వ్రేలాడదీసినవా రింకను లేరు, అంతియే భేదము.

ఈ సీమలో సూదిపని యనగానే సుగాలీలను తలపక పోరాదు. గుత్తికి సమీపముననున్న సేవాగఢ్‌ను సేవాలాల్ మహరాజు పుట్టినచోటుగా భావించి దూరప్రాంతముల బంజారాలు సైతము వచ్చి కొలుచుచుందురు. పూర్వము వీరు ఎద్దులమీద ఉప్పు, ధాన్యము వేసికొని దేశములు తిరిగినవారు. రైలుబండ్లు, రాదారులు వచ్చి ఆ వర్తకమును మింగివేయగా తండాలు కట్టుకొని నిలిచిరి. నిలువనీడ లేక తిరిగినవారికి గోడ యుండదు, గూడుండదు, ఉన్నది బట్ట. అలంకార మేదియైనను ఆ బట్టమీదనే చేయవలెను. పేటియా యను ఘాగరా, కాంచళి యను రవిక, తలపై వేసికొను టుక్రి, వక్కాకు సంచి, ఎద్దు మీది గుడ్డ, అన్నిటిపైన గవ్వలు, పూసలు, నాణెములు, అద్దములు. ఎరుపు, నీలి రంగుల మందపు నూలుబట్టపై తెలుపు, పసుపు దారములు మెరయుచుండును.

అద్దపు బిళ్లకు రంధ్రము లేదు గదా, దానిని బట్టకు కుట్టుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్న పిల్లవాడు లేదా పిల్ల సూదిని మరల విడువరు. అద్దమును బట్టపై నుంచి ఎడమ బొటనవ్రేలితో అదిమిపట్టి, దానిపై అడ్డముగా రెండు దారములు, నిలువుగా రెండు దారములు బిగువుగా వేయవలెను. అద్దముపై నాలుగు దారముల చతురస్రమొకటి యేర్పడును. ఇపుడు అద్దము కదలదు గాని అందము లేదు. పిదప సూదిని బట్టలోనుండి అద్దపు అంచువద్ద పైకి తెచ్చి, ఆ చతురస్రపు దారము క్రిందుగా దూర్చి లాగి, మరల అంచువద్ద బట్టలో గ్రుచ్చి, కాజాకుట్టువలె దారపు ఉచ్చులోనుండి తీయవలెను. ఇట్లు చుట్టును తిరిగివచ్చుసరికి చతురస్రము నలువైపులకు సాగి వలయమై అద్దమునకు గట్టు కట్టును. మొదటి నాలుగు దారములు వదులుగా నుండెనా, అద్దము రెండవ ఉతుకున ఊడిపడును. అద్దపు టంచును ముందుగా రాతిపై అరగదీసికొనుట మరువరాదు. కరకు అంచు దారమును కోయును.

సరిహద్దునకు అవతలనున్న బళ్లారి సీమ సండూరులో లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జూలైలో హంపియందు జరిగిన జీ-20 సాంస్కృతిక సమావేశపు సందర్భమున ఆ స్త్రీలు చేసిన 1,755 వస్తువులను ఒకచోట ప్రదర్శింపగా అది గిన్నిసు పుస్తకమున కెక్కినది. సంతోషమే. ఐతే ఇచ్చటి తండాలలో పూర్తి వేషము కట్టువారు ముసలివారే. వయసుపిల్లలు చీరలకు, చుడీదారులకు మారిరి. తీజ్ పండుగకో పెండ్లికో పెట్టెనుండి అవ్వ కాంచళి తీసి తొడిగికొందురు. బరువైన ఆ దుస్తులను దినమంతయు తొడిగికొని కూలికి పోవలెనని వారికెవ్వరును విధింపరాదు. వేషము మారినను కుట్టు మారనక్కరలేదు. ఆ కుట్టునే చేతిసంచికి, దిండు గలీబునకు, పుస్తకపు అట్టకు వేసికొనవచ్చును.

ఉన్నిపని సంగతి క్లుప్తముగా చెప్పిన చాలును. కురుబల యిండ్లలో గొఱ్ఱెలకు బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, గుంటమగ్గముపై కంబళి నేయు వాడుక కలదు. చింతగింజల గంజి పట్టించుటచే కంబళి బిరుసై వానకు తట్టుకొనును. దక్కనీ నల్లగొఱ్ఱె తగ్గి, మాంసమునకు పెంచెడి బొచ్చులేని జాతులు హెచ్చుటతో వడకుటకు ఉన్నియే కరవైనది. బొంతకు నూలు లేకపోవుట వంటిదే ఈ కథయు. ఇంటివద్ద తకిలీపై ఉన్ని వడకుట నేర్చుకొనగోరువారు ఆ యిండ్ల పెద్దలనే యాశ్రయింపవలెను. పుస్తకము దీనికి చాలదు. పోగు తెగుట ఎందుకో, నిలుచుట ఎందుకో వ్రేళ్లకే తెలియవలెను.

ధర్మవరము పట్టుచీరలు లోకప్రసిద్ధములు. నేత మగ్గముపై జరుగును గాని, చీర మగ్గము దిగిన పిమ్మట ఇంటివద్ద జరుగు పని యొకటి కలదు. మగ్గమునుండి కోసిన చీరకొంగున పడుగుపోగులు విడిగా వ్రేలాడుచుండును. వానిని విడిచిన పేక జారి కొంగు విడిపోవును. అందుచే పోగులను పాయలు తీసి ముడివేయుదురు. కుచ్చులకు మూల మిదియే. అలంకారముగా కనబడునది మొదట అవసరము. ఇపుడు ఆ కుచ్చులకు పూసలు, క్రోషియా అల్లికలు చేర్చి రకరకములుగా వేయుచున్నారు. ఆడుపిల్లలు దీనిని వారము పది దినములలో నేర్చుకొనగలరు. చెక్కచట్రమునకు బట్టను బిగించి, కొక్కెపుసూదితో గొలుసుకుట్టు వేయు మగ్గము పని దీనికంటె కష్టమైనది. దానికి నడుము నొప్పియు, కండ్ల శ్రమయు తోడగును. పగటి వెలుతురులో తప్ప ఆ పని చేయరాదు. గంటకొకమారు సూది దింపి దూరముననున్న కొండవైపు చూచుట కండ్లకు మంచిది. ఈ సీమలో కొండలకు కొదువ లేదు.

నమూనాలకై పట్టణపు పుస్తకములు వెదకనక్కరలేదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పున 16వ శతాబ్దిలో, విజయనగర రాజ్యకాలమున, వ్రాసిన వర్ణచిత్రములు కలవు. ఆలయమును కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణల కాలపు ఆ చిత్రములలో దేవతలకంటె ముందు వస్త్రములను చూడవలెను. గళ్లు, చారలు, పూలబుటాలు, అంచుల తీరులు, ఒక చీరవలె మరియొక చీర లేదు. రాతిస్తంభములపై చెక్కిన లతలు, హంసలు సరేసరి. గళ్లకాగితమును, పెన్సిలును తీసికొని పోయి, మెడ నొప్పి పుట్టువరకు పైకి చూచుచు వ్రాసికొనిన నమూనాలు సంవత్సరమంతయు కుట్టినను తరుగవు. గళ్లకాగితముపై ఒక గడికి ఒక కుట్టుగా లెక్క వేసికొనుట పిల్లలకు గణితమునందును తోడుపడును. 1937లో వార్ధాయందు గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన విద్యావిధానమున చేతిపనియే చదువునకు కేంద్రము. తకిలీ త్రిప్పుచు లెక్కలు నేర్చుకొన్నవారు ఆ కాలమున ననేకులు.

ఇంటివద్ద నేర్చుకొనువారు ఒక పొరపాటు తరచు చేయుదురు. మొదటనే నెమలిని కుట్టబూనుదురు. పోగుకుట్టు, కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు, ఈ నాలుగును పాత పంచెముక్కపై చేయి కుదురువరకు వేసినచో నెమలి దానంతట వచ్చును. పని బాగున్నదో లేదో పైవైపు చూచి చెప్పరాదు, త్రిప్పి చూడవలెను. వెనుకవైపు ముడులు, దూరపు దాటులు లేక శుభ్రముగ నున్న కుట్టు నేర్చిన చేతిది. వీనికంటె ముందు మాసిక వేయుట, రఫూ చేయుట నేర్చుకొనుట ఉత్తమము. చొక్కా మోచేతివద్ద చిరిగినపుడు చిరుగుచుట్టు ఉన్న పోగులను చూచి, పడుగువెంట కొన్ని, పేకవెంట కొన్ని దారములు అల్లి, నేసినట్లు పూడ్చుటలో నున్న తృప్తి పూలు కుట్టుటలో లేదు. ఈ విద్య ఆడువారికే యనుటయు సరి కాదు. కురుబల యిండ్లలో కంబళి నేయునది మగవాడు. అంగడివీధిలో దర్జీ మగవాడు, రఫూ చేయువాడు మగవాడు. ఇంటికి వచ్చుసరికి సూది ఆడుదాని పాలై, కూలి లేని పని యైనది.

కూలి మాట వచ్చినది గనుక దానిని దాటవేయరాదు. కరవు సంవత్సరములలో “ఇంట కూర్చుండి కుట్టి సంపాదింపుడు” అను ప్రకటనలు పుట్టుచుండును. ముందుగా సామానుకు సొమ్ము కట్టుమని యడుగువారిని నమ్మరాదు. పని యిచ్చువాడు సామాను తానిచ్చి, కూలి తానీయవలెను. న్యాయమైన వ్యాపారమునందును లెక్క చూచుకొనవలసియుండును. ఒక రవికకు అద్దములు కుట్టుటకు పట్టిన గంటలను చీటీపై వ్రాసి, వచ్చిన రూకలను గంటలచే భాగించినచో, పలుమారు అది చేలో కలుపు తీయు కూలిలో సగమైనను కాదు. ఆ లెక్క వేయని స్త్రీ సంతోషముతో కుట్టుచుండును. వేసిన స్త్రీ బేరమాడును. అహమ్మదాబాదునందు ఇలా భట్టు 1972లో స్థాపించిన సేవా సంఘమున, గుడ్డపేలికలతో ఇంటివద్ద బొంతగలీబులు కుట్టు స్త్రీలు చేరి, తామును కార్మికులమే, కనీసవేతనము తమకును రావలెనని పోరాడిరి. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారల హక్కులను గూర్చి ఒక ఒడంబడికయే చేసినది. గీస్ బెండ్ ప్రాంతపు స్త్రీలును 1966లోనే సహకారసంఘము పెట్టుకొనిరి. ఒంటరిగా కుట్టు చేతికి బేరము లేదు. కూడి కుట్టిన చేతులకు కలదు. అనంతపురములో 1969లో ఆరంభమైన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్.డి.టి. వికలాంగులగు స్త్రీలకు హస్తకళలు నేర్పి చూపినదియు ఈ మార్గమే.

సంపాదనకై కుట్టుట వేరు, సుఖమునకై కుట్టుట వేరు. రెండును మంచివే. రెంటిని కలిపివేసినచో రెండును చెడును. మనుమనికి బొంత కుట్టు అవ్వను “దీనికి ధర యెంత” యని యడుగరాదు. అంగడికి పంపు సంచిని కుట్టు పడుచును “సరదాకే గదా” యనరాదు. ఈ రెండుమాటలును పల్లెలలో తరచు తారుమారుగా వినబడుచుండును.

ఇక గ్రంథాలయము చేయగల పని. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడయందు ఏర్పడినప్పటినుండి ఊరి విజ్ఞానమును ఊరికి అందించుటయే ఈ ఉద్యమపు పని. ఊరివద్దనుండి విజ్ఞానమును పుచ్చుకొనుటయు ఆ పనిలోనిదే. ఖర్చు పెద్దది కాదు. దళసరి ఖద్దరు గుడ్డను జానెడు చదరపు ముక్కలుగా కోసి, అంచులు మడిచి కుట్టి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క యింటికి పంపవలెను. బొంతకుట్టు వచ్చినవారు బొంతకుట్టు, అద్దపుపని వచ్చినవారు అద్దపుపని, కుచ్చు వచ్చినవారు కుచ్చు, రఫూ వచ్చినవారు రఫూ, తమకు తెలిసిన దొక్కటి దానిపై వేసి యిత్తురు. కుట్టు పూర్తియైనది ఒక ప్రక్క, సగములో ఆపి సూది దారముతోనే విడిచినది మరియొక ప్రక్క ఉండవలెను. పూర్తియైన పనిని చూచి మెచ్చుకొనగలము, సగము పనిని చూచియే నేర్చుకొనగలము. ముక్క అడుగున ఆ కుట్టునకు ఇంటిలో పలుకు పేరు, అది యెవరివలన నేర్చినది, ఇష్టమున్నవారి పేరును సిరాతో గాక దారముతోనే వ్రాయింపవలెను. తండాలో ఒక పేరు, ఊరిలో ఒక పేరు ఉన్నచో రెండును ఉండవలెను. అక్షరములు రానివారు తాము చెప్పగా బడిపిల్లలచేత వ్రాయించుకొందురు. ఆ వంకను పిల్లలకు సూది చేతికి వచ్చును.

ముక్కలన్నియు చేరిన పిమ్మట వానిని పేర్చి వెన్నున కుట్టినచో అదియు పుస్తకమే యగును. దానికి పట్టికలో ఒక సంఖ్య వేసి, ఇంటికి ఇచ్చు పుస్తకముల బీరువాలోనే యుంచవలెను. తాళము వేసిన అద్దాల పెట్టెలో పెట్టరాదు. చేతులు మారి మాసిన పుటను ఉతుకవచ్చును; చిరిగిన పుటకు మాసిక వేయవచ్చును. కడపట నాలుగైదు ముక్కలు తెల్లగా విడిచి, వానిలో మొదటిదానికి దారమెక్కించిన సూదిని గ్రుచ్చి యుంచిన చాలును.